దేవతను చంపి కథ ముగించారు

చీకటి ఎల్ఫ్‌ల మీద వచ్చిన ‘లేడీ పెనిటెంట్’ మూడు నవలలు చదివినవాళ్లకు ఆఖరి పుస్తకం ఇప్పటికీ మింగుడుపడదు. మంచి పాత్రలు చనిపోయినందుకు కాదు, చనిపోయిన తీరుకు.

చీకటి ఎల్ఫ్‌ల నగరం మెంజోబెరాన్జాన్‌లో మూడో మగబిడ్డ పుడితే బతకనివ్వరు. అన్నలిద్దరూ ప్రాణాలతో ఉన్న ఇంట్లో ఆ పసివాడు సాలెపురుగుల దేవత లోల్త్‌కు బలి కావాల్సిందే. బలి ఇచ్చేది కన్నతల్లి, అక్కలే. డోఉర్డెన్ వంశంలో అలాంటి మూడోవాడు పుడుతున్న వేళకే, ఆ వంశం సైన్యం మరో కుటుంబం మీద పడి పసిపిల్లలతో సహా ఊచకోత కోస్తోంది. అదే అదనుగా రెండో కొడుకు డైనిన్, పెద్దకొడుకు హోదా కోసం తన అన్న నల్ఫైన్‌ను పొడిచి చంపాడు. ఇక్కడ బలిపీఠం మీద పసివాడి గుండెకు కత్తి గురిపెట్టే సరికి అక్కడ అన్న ప్రాణం పోయింది. ఇంటికి ఇక మిగిలింది ఇద్దరే కొడుకులు. పుట్టినవాడు బతికిపోయాడు.

వాడే డ్రిజ్ట్. ఆర్.ఏ. సాల్వటోర్ 1990లో రాసిన ‘హోమ్‌ల్యాండ్’ నవల ఇలా మొదలవుతుంది. ఒక అన్న చేసిన హత్య వల్ల బతికిన తమ్ముడు, పెద్దయ్యాక తన నగరం నేర్పిన క్రౌర్యాన్నంతా కాదనుకుని బయటికి నడుస్తాడు. చీకటి ఎల్ఫ్‌ల సాహిత్యం మొత్తానికి ఈ నడకే ఆయువుపట్టు. పుట్టుక ఒకచోట, మనసు ఇంకోచోట. ఆ రెండింటి మధ్య దూరాన్ని మనిషి తన కాళ్లతో తాను దాటగలడా అన్నదే ప్రశ్న.

మన పాఠకుడికి ఈ ప్రశ్న కొత్తది కాదు. హిరణ్యకశిపుడి ఇంట ప్రహ్లాదుడు పుట్టాడు. రాక్షస వంశంలో విభీషణుడు పుట్టాడు. ప్రహ్లాదుణ్ని దగ్గరకు తీసుకునేటప్పుడు నరసింహుడు వాడి వంశం చూడలేదు. ఈ కథల మధ్య పెరిగినవాళ్లం కాబట్టి ఎక్కడో అమెరికాలో పేపర్‌బ్యాక్‌గా అచ్చయిన డ్రిజ్ట్ కథ మనకు అంత చప్పున పట్టేస్తుంది. ఆ కారణంగానే, ఇదే లోకంలో పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చిన ఒక ముగింపు మనల్ని అంతగా నొప్పిస్తుంది.

ఆటలోంచి పుట్టిన జాతి

చీకటి ఎల్ఫ్‌ల మూలం ఐస్‌లాండ్ పురాణాల్లో ఉంది. పదమూడో శతాబ్దంలో స్నోరి స్టర్లూసన్ రాసిన ‘ఎడ్డా’లో వెలుగు ఎల్ఫ్‌లు, చీకటి ఎల్ఫ్‌లు అని రెండు తెగల ప్రస్తావన వస్తుంది. మొదటివాళ్లు సూర్యుడికన్నా కాంతిమంతులు, రెండోవాళ్లు నేల కింద ఉండే నల్లటివాళ్లు. అంతకుమించి వివరాలు పెద్దగా లేవు. ఆ ఖాళీని నింపినవాడు గ్యారీ గైగాక్స్. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే బల్ల ఆటను తెచ్చిన ఆయన, 1977లో ఆ ఆట రాక్షసుల పుస్తకంలో ‘డ్రౌ’ అనే జాతి గురించి నాలుగు మాటలు వేశాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆట కథల్లో, మంచు రాక్షసులు, అగ్ని రాక్షసుల వెనక ఉండి ఆడిస్తున్నది ఈ డ్రౌలేనని తేల్చి, ఆటగాళ్లను భూగర్భంలోని వాళ్ల నగరం దాకా తీసుకెళ్లాడు. నల్లటి చర్మం, తెల్లటి జుట్టు, ఆడవాళ్ల ఏలుబడి, సాలెపురుగు దేవత... అన్నీ అప్పుడు వచ్చినవే.

నల్లగా ఉంటే దుర్మార్గులు అన్న ఆ తొలి ఊహలోనే ఒక పుండు ఉంది. మన దగ్గర కృష్ణుడు నల్లనివాడు, ద్రౌపది అసలు పేరే కృష్ణ, భారతం రాసిన వ్యాసుడూ నల్లనివాడే. అలాంటి చోటునుంచి చదివేవాళ్లకు ఆ పుండు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది. ముందు ముందు ఇది మళ్లీ ఎదురవుతుంది.

డ్రిజ్ట్ మొదట నాయకుడు కాదు. 1988లో ‘ది క్రిస్టల్ షార్డ్’ రాస్తున్నప్పుడు నాయకుడు వుల్ఫ్‌గార్ అనే కుర్రాడు. వాడి పక్కన ఒక తోడు పాత్ర కావాలని ఎడిటర్ ఫోన్‌లో అడిగితే, సాల్వటోర్ అప్పటికప్పుడు డ్రౌ అని చెప్పేశారట. ఆ తోడు పాత్ర నాయకుణ్ని మించిపోయింది. పాఠకులు వాడి బాల్యం అడిగారు. అలా ‘హోమ్‌ల్యాండ్’, ‘ఎగ్జైల్’ 1990లో, ‘సోజర్న్’ 1991లో వచ్చాయి.

నాకు ఈ మూడింటిలో ‘సోజర్న్’ ఎక్కువ ఇష్టం. భూమ్మీదికి వచ్చిన డ్రిజ్ట్‌ను చూసిన ప్రతివాడూ కత్తి దూస్తాడు. ఒక రైతు కుటుంబాన్ని ఎవరో చంపితే నింద వీడి మీద పడుతుంది. చివరికి వీణ్ని చేరదీసింది మోంటోలియో అనే గుడ్డి ముసలాయన. ఎర్ర డ్రాగన్‌తో పోరులో చూపు పోగొట్టుకున్న ఆయన తన తోటను గుడ్లగూబల సాయంతో, చెవులతో కాపాడుకుంటుంటాడు. డ్రిజ్ట్‌కు మనుషుల భాష నేర్పిందీ, నువ్వు మనసులో నమ్ముతున్న ధర్మానికి ఒక దేవత పేరు ఉందని చెప్పిందీ ఆయనే. ఆయన చనిపోయాక డ్రిజ్ట్ మళ్లీ ఒంటరిగా దారి పట్టి, ఉత్తరాన మంచు లోయ చేరతాడు. పుస్తకం అక్కడ ఆగుతుంది. గెలుపేమీ లేదు. ఊళ్లో వాళ్లు వాణ్ని పూర్తిగా నమ్మనూ లేదు. అయినా చదివినవాడికి కడుపు నిండుతుంది. ఎందుకంటే అక్కడికి వాడు తన కాళ్ల మీద నడిచి వచ్చాడు.

వెన్నెల్లో నాట్యమాడే దేవత

డ్రిజ్ట్ ఒక్కడు. మరి మిగతావాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది ఈ కథాలోకాన్ని, అంటే ‘ఫర్‌గాటెన్ రెల్మ్స్’ను, చిన్ననాటి నుంచి ఊహించుకుంటూ వచ్చిన కెనడా లైబ్రేరియన్ ఎడ్ గ్రీన్‌వుడ్. 1991లో ఆయన రాసిన ‘ది డ్రౌ ఆఫ్ ది అండర్‌డార్క్’ ఆట పుస్తకంలో ఐలిస్ట్రే అనే దేవత మొదటిసారి కనిపించింది. లోల్త్‌కు కన్నకూతురు. తల్లి, ఎల్ఫ్‌ల దేవుడైన తండ్రి కొరెలాన్ మీద కుట్ర చేసినప్పుడు ఈమెకు అందులో పాలు లేదు. అయినా డ్రౌలకు శిక్షపడినప్పుడు వాళ్లతో పాటే తానూ వెళ్లిపోతానంది. వాళ్లకు ఏనాటికైనా ఎవరో ఒకరు కావాలి కదా అని.

ఆమె గుడులు అడవుల్లో ఉంటాయి. భక్తురాళ్లు వెన్నెల రాత్రుల్లో కత్తులు చేతబట్టి నాట్యం చేస్తారు, పాడతారు, వేటాడతారు. భూగర్భం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఎదురైతే ముందు కత్తి దించి పలకరించడం వాళ్ల ఆచారం. పైలోకంలో నీకూ చోటుంది అన్నది ఆ పలకరింపు సారాంశం. వాటర్‌డీప్ నగరం అడుగున, దొంగలూ బానిస వర్తకులూ తిరిగే సొరంగాలకు దగ్గర్లోనే ‘ప్రామెనేడ్’ అనే పెద్ద ఆలయం కట్టింది కిలూయే వెలడోర్న్. రాజధానిలో కాదు, రక్షణ ఉన్న అడవిలో కాదు, పారిపోయి వచ్చేవాళ్లు ముందుగా తగిలే చోట కట్టింది. ఆ ఒక్క నిర్ణయంలో ఈ మతం స్వభావమంతా ఉంది.

ఈ దేవత చుట్టూ కథలు తక్కువే వచ్చాయి. ఎలైన్ కన్నింగ్‌హామ్ రాసిన ‘స్టార్‌లైట్ అండ్ షాడోస్’ మూడు నవలల్లో ఆమె భక్తులు కనిపిస్తారు. అందులో రెండో భాగం 1996లో వస్తే మూడోది 2003 దాకా రాలేదు. పాఠకులు ఏడేళ్లు ఎదురుచూశారు. అందుకే 2007లో లీసా స్మెడ్‌మన్ ఐలిస్ట్రేనే కేంద్రంగా పెట్టి ‘లేడీ పెనిటెంట్’ మొదలుపెడుతున్నారని తెలిసినప్పుడు ఆశలు అంతగా పెరిగాయి.

మొదటి పుస్తకం మాటిచ్చింది

స్మెడ్‌మన్‌కు ఈ నేల కొత్త కాదు. 2002 నుంచి 2005 దాకా ఆరుగురు రచయితలు తలా ఒకటి రాసిన ‘వార్ ఆఫ్ ది స్పైడర్ క్వీన్’లో నాలుగో నవల, ‘ఎక్స్‌టింక్షన్’, ఆమెదే. ఆ వరుసలో లోల్త్ ఉన్నట్టుండి మౌనం దాలుస్తుంది. పూజారిణుల మంత్రాలు పారవు. గట్టిపడిన సాలెగూళ్ల మీద కట్టిన చెద్ నసాద్ నగరం, రాతిని కూడా తగలబెట్టే నిప్పుకు కూలి పాతాళంలో పడిపోతుంది. ఆ నగరంలోని మెలార్న్ వంశం వారసురాలు హలిస్ట్రా సర్వం పోగొట్టుకుని, పైకి వచ్చి, ఐలిస్ట్రే వైపు తిరుగుతుంది. లోల్త్‌ను చంపడానికి ‘క్రెసెంట్ బ్లేడ్’ అనే నెలవంక ఖడ్గం పట్టుకుని బయల్దేరుతుంది. ఓడిపోతుంది. లోల్త్ ఆమెను చంపకుండా, సాలెపురుగు అవయవాలు మొలిచిన వికృత రూపంలోకి మార్చి, తనకు ఊడిగం చేసే ‘పశ్చాత్తాప మూర్తి’గా పడేస్తుంది. కొత్త నవలల పేరు ఆమె మీదే.

మొదటిది, ‘శాక్రిఫైస్ ఆఫ్ ది విడో’, నిజంగా మంచి నవల. లోల్త్, ఐలిస్ట్రే ఎదురెదురుగా కూర్చుని ‘సావా’ అనే చదరంగం లాంటి ఆట ఆడుతుంటారు. పందెం డ్రౌ జాతి మొత్తం. పావులు కింద బతుకుతున్న మనుషులు. రాక్షసులను వేటాడే కవతీనా అనే వీరనారి, హలిస్ట్రా దారి చూపగా, లోల్త్ యోధదేవుడు సెల్వెటార్మ్‌ను నెలవంక ఖడ్గంతో నరికేస్తుంది. మరోవైపు ఐలిస్ట్రే సొంత అన్న, ముసుగు దేవుడు వేరాన్, చెల్లెల్ని చంపడానికి ఆమె లోకంలోకి దొంగదారిన చొరబడతాడు. లోపల ఏం జరిగిందో మనకు చూపించరు. బయటికి వచ్చినప్పుడు మాత్రం వచ్చింది అన్న కాదు, చెల్లెలు. ఆమె ముఖాన అన్న ముసుగు.

దాని పర్యవసానాన్ని రెండో నవల ‘స్టార్మ్ ఆఫ్ ది డెడ్’ పట్టుకుంది. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్న రెండు మతాల వాళ్లు ఒకే గుడిలోకి వచ్చిపడ్డారు. ముసుగులు వేసుకున్న మగ పూజారులు, విషం, దొంగదెబ్బ తప్ప వేరే యుద్ధం తెలియనివాళ్లు, ఇప్పుడు స్త్రీలు వెన్నెల్లో పాడే చోట నిలబడాలి. ఎవరు ఎవరికి లొంగాలి? పాట మారాలా, ముసుగు తీయాలా? ఈ ఘర్షణ ఎంతో సారవంతమైన నేల. ఇక్కడే ఇంకో రెండు పుస్తకాలు పండేవి. స్మెడ్‌మన్ చూపు కూడా ఇక్కడ చురుగ్గా ఉంది. కొత్తగా చేరినవాళ్ల మీద పాతవాళ్ల అనుమానం, ఆ అనుమానాన్ని దాచుకోలేని చిన్న చిన్న మాటలు ఆమె బాగా రాశారు. కానీ పుస్తకం తొందరలో ఉంది. అది ఇంకో దేవతను చంపాలి. కియరన్సలీ అనే ప్రేతదేవత ఈ భాగంలో పోతుంది. రెండు పుస్తకాలు తిరిగేసరికి ముగ్గురు దేవతలు నేలకూలారు.

మూడో పుస్తకంలో జరిగింది

2008 జూన్‌లో ‘అసెండెన్సీ ఆఫ్ ది లాస్ట్’ వచ్చింది. నెలవంక ఖడ్గంలో నక్కి ఉన్న వెండొనాయ్ అనే రాక్షసుణ్ని అంతం చేసే ఎత్తుగడతో కిలూయే వాణ్ని తన ఒంట్లోకే తీసుకుంటుంది. ప్రామెనేడ్ ఆలయం మీద బురద దేవుడి భక్తులు విరుచుకుపడతారు. ఆఖరున, ఐలిస్ట్రే కిలూయే శరీరంలోకి ఆవహించి ఉన్న క్షణంలో హలిస్ట్రా ఆమెను ఆ ఖడ్గంతోనే చంపుతుంది. మనిషితో పాటు దేవతా పోయింది.

ఇదే సమయంలో హలిస్ట్రా సోదరుడు, మాంత్రికుడు కార్లిండ్, తన మిత్రబృందంతో ఒక మహామంత్రం వేస్తాడు. డ్రౌ జాతి పతనానికి వేల ఏళ్ల కిందట ఈ వెండొనాయ్ రక్తం కలవడమే కారణమని కథ అప్పటికి చెప్పి ఉంటుంది. మంత్రం పారిన క్షణాన, ఆ రాక్షస రక్తపు మచ్చ లేనివాళ్లు, ఐలిస్ట్రే భక్తులు కొన్ని వందల మంది డ్రౌ రూపం పోయి పూర్వకాలపు చీకటి ఎల్ఫ్‌లుగా మారిపోతారు. కారునలుపు చర్మం గోధుమ రంగుకు తిరుగుతుంది. తెల్ల జుట్టు నల్లబడుతుంది. వాళ్ల ఆత్మలకు కొరెలాన్ తన స్వర్గ ద్వారం తెరుస్తాడు. మిగతా జాతి మొత్తం లోల్త్ పాలు. ఆట ముగిసింది.

చదివి పుస్తకం మూశాక వచ్చేది దుఃఖం అయితే బాగుండేది. వచ్చేది కోపం.

ఎందుకంటే పద్దెనిమిదేళ్ల కథ ఒక్కటే మాట చెబుతూ వచ్చింది: నువ్వు ఎక్కడ పుట్టావన్నది కాదు, ఎటు నడిచావన్నది ముఖ్యం. ఈ ముగింపులో అది తలకిందులైంది. రక్తం బాగున్నవాడు తాను అడగకుండానే ఒడ్డున పడ్డాడు. రక్తం బాగాలేనివాడు, రేపో మాపో మనసు మార్చుకోబోతున్నవాడు, మెంజోబెరాన్జాన్‌లో ఈ రాత్రే తల్లిని ఎదిరించాలా అని తటపటాయిస్తున్న పద్దెనిమిదేళ్ల పిల్ల, వాళ్లందరికీ తలుపు మూసేశారు. డ్రిజ్ట్ తండ్రి జక్నఫైన్ కొడుకు కోసం తనను తాను బలిగా ఇచ్చుకున్నప్పుడు ఏ దేవత భక్తుడూ కాదు. అలాంటి మనిషి ఈ లెక్కలో ఎటు పడతాడు?

రంగు సంగతి మరీ కలుక్కుమంటుంది. మంచివాళ్లయ్యారు కాబట్టి చర్మం నలుపు తగ్గింది. కథలో దానికి చరిత్ర ఉంది, పురాతన జాతి రూపం అని వివరణ ఉంది. కాదనను. కానీ ఐలిస్ట్రే ఆరాధనలోని అందమే నల్లటి ఒంటితో వెన్నెల్లోకి రావడం. తమ రూపాన్ని శాపంగా చూడటం మానేయమని ఆమె వాళ్లకు నేర్పింది. ఆమె చనిపోయిన గంటలో ఆమె బిడ్డలకు ఆ రూపాన్నే తీసేసి దాన్ని వరం అన్నారు.

ముగింపు ఎక్కడ రాశారు?

స్మెడ్‌మన్ ఒక్కరి మీద నెపం వేయడం న్యాయం కాదు. ‘ఫర్‌గాటెన్ రెల్మ్స్’ ఉమ్మడి లోకం. రచయిత కథ రాస్తారు, లోకం మాత్రం కంపెనీది. ఈ ఆటను మొదట ప్రచురించిన టీఎస్‌ఆర్‌ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. దాన్ని 1999లో హాస్‌బ్రో కొన్నది. ఆట నాలుగో ఎడిషన్ 2008 జూన్‌లో, అంటే ఈ ఆఖరి నవల వచ్చిన నెలలోనే, విడుదలైంది. ఆగస్టులో కొత్త ఫర్‌గాటెన్ రెల్మ్స్ మార్గదర్శి వచ్చింది. అందులో కథాకాలం దాదాపు వందేళ్లు ముందుకు దూకింది. దేవతల పట్టిక బాగా కుదించారు. కొత్తగా ఆడేవాళ్లకు అన్ని పేర్లు బరువు అనుకున్నారు. డ్రౌలకు లోల్త్ ఒక్కతి ఉంటే చాలనుకున్నారు.

ఈ తేదీలు పక్కపక్కన పెట్టి మూడు నవలలూ మళ్లీ తిరగేస్తే, సెల్వెటార్మ్, వేరాన్, కియరన్సలీ, ఐలిస్ట్రే వరసగా ఎందుకు రాలిపోయారో అర్థమవుతుంది. ప్రతి చావూ కథలోంచి పుట్టలేదు, కథ ఆ చావుల దగ్గరికి పరుగెత్తింది. వారపత్రికల్లో సీరియల్ చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ రుచి తెలుసు. మరో సీరియల్‌కు చోటు కావాలని పాత సీరియల్‌ను రెండు వారాల్లో చుట్టేస్తే, ఎవరూ చెప్పకపోయినా ఆ తొందర పేజీల్లో కనిపించేస్తుంది.

ఉమ్మడి లోకంలో రాసేవాళ్లందరికీ ఈ సంకెళ్లు ఉన్నాయి. సాల్వటోర్‌కూ ఉన్నాయి. తేడా ఏమిటంటే డ్రిజ్ట్ అమ్ముడుపోయే పేరు కాబట్టి వాణ్ని వందేళ్ల దూకుడులోంచి కూడా దాటించారు. ఐలిస్ట్రే భక్తులకు ఆ బలం లేదు. వాళ్లకు ఉన్నదల్లా ఆమె నాట్యాన్ని ఇష్టపడిన కొద్దిమంది పాఠకులు.

తర్వాత తిరిగొచ్చింది

అయిదో ఎడిషన్ 2014లో వచ్చాక కంపెనీ పాత దేవతలను మళ్లీ పిలిచింది. 2015 నాటి ‘స్వోర్డ్ కోస్ట్’ పుస్తకంలో డ్రౌ దేవతల పట్టికలో ఐలిస్ట్రే పేరు ఉంది. మూడు నవలలు వెచ్చించి చంపిన దేవతను పట్టికలో ఒక వరుస ఇచ్చి బతికించారు. సంతోషించాం, కానీ ఆకలి తీరలేదు.

2020 జూన్‌లో అదే కంపెనీ, డ్రౌలు, ఓర్క్‌ల వంటి జాతులను పుట్టుకతోనే దుష్టులుగా చూపిన పాత పద్ధతి తప్పని బహిరంగంగా ఒప్పుకుంది. మరుసటి ఏడాది సాల్వటోర్ ‘స్టార్‌లైట్ ఎన్‌క్లేవ్’లో ఉత్తరపు మంచు మధ్య కాలిడే అనే నగరాన్ని చూపించారు. అక్కడి డ్రౌలు ఏనాడూ లోల్త్ చేతికి చిక్కనివాళ్లు. నల్లటి చర్మంతోనే హాయిగా, ఆటపాటలతో బతుకుతుంటారు. ఇది 2008 ముగింపుకు చాలావరకు విరుగుడు. రక్తం సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది.

నాకు మాత్రం అది సగం జవాబే. ఎక్కడో మంచి ఊరు ఉన్నంత మాత్రాన చెడ్డ ఊళ్లో పుట్టిన పిల్లకు ఒరిగేదేమిటి? కాలిడే వాళ్లకు పారిపోవాల్సిన అవసరమే రాలేదు. ఐలిస్ట్రే ఉన్నది పారిపోవాల్సినవాళ్ల కోసం.

కొత్తగా చదవబోయేవాళ్లు ‘హోమ్‌ల్యాండ్’తో మొదలుపెట్టండి. ‘సోజర్న్’ దాకా ఆగకుండా వెళ్లండి. ‘వార్ ఆఫ్ ది స్పైడర్ క్వీన్’ ఆరింటిలో ఎగుడుదిగుళ్లు ఉన్నా చెద్ నసాద్ కూలే ఘట్టం కోసం చదవాలి. ‘లేడీ పెనిటెంట్’లో మొదటిది తప్పక, రెండోది గుడిలోని గొడవల కోసం. మూడోది చదవొద్దని చెప్పను. మనం ప్రేమించిన పాత్రలకు ఏం జరిగిందో తెలుసుకునే హక్కు మనకుంది.

ఇక కంపెనీ రుణపడింది ఒక నవల. చనిపోయిన దేవత ఎలా తిరిగొచ్చింది, గోధుమ రంగు ఒళ్లతో మిగిలిన ఆ వందల మంది ఆమెను ఏ ముఖంతో కలిశారు, ప్రామెనేడ్‌ను మళ్లీ ఎవరు నిలబెట్టారు అన్నది చెప్పే నాలుగో పుస్తకం. అది రాసే పని లీసా స్మెడ్‌మన్‌కే ఇవ్వాలి, ఈసారి ఎవరినీ చంపమని ముందుగా జాబితా ఇవ్వకుండా.